రెండో లీకు

తమ్ముడికి,

ప్రియమైన అని రాయను. పాతికేళ్ల కిందట నా వెంట పైపుల పనికొచ్చే రోజుల్లో, నేను లీకు బాగుచేసి పనిముట్లు సర్దుకుంటుంటే, ఇంటివాళ్ల ముందు "అన్నయ్యా, ఇంకో లీకుంది" అన్నావు. ఉన్నమాట నిజమే. చెవిలో చెప్పొచ్చుగా? ఆ పోయిన పరువు ఇంకా తిరిగిరాలేదు.

ఫోన్లో నీ గొంతు వింటే తిట్టేస్తాను. అందుకే బస్సు డ్రైవరుతో కాగితం పంపిస్తున్నా. దీనికే రెండు గంటలు పట్టింది. మీ వదిన పది రోజులుగా ఐసీయూలో ఉంది. ఊపిరికి గొట్టం వేశారు. ఫ్లూ వైరస్ అని తేల్చారు, మందు పడుతోంది. అయినా జ్వరం దిగట్లేదు. నువ్వు ల్యాబులో రక్తాలు చూసేవాడివి కదా. ఏమిటిది?

అన్న

ప్రియమైన అన్నయ్యకి,

తిట్టినా ఫోను చేయాల్సింది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు, ఏళ్ల తరబడి లోపల నిద్రపోతున్న వైరస్ కూడా లేస్తుంది. ఒకటి దొరికాక రెండోదాన్ని వెతకడం ఒక్కోసారి మరిచిపోతారు. వదిన రక్తం దాని పరీక్షకు పంపారా అని డాక్టరుగారిని అడుగు. పేరు చీటీ మీద రాశాను, నీకు నోరు తిరగదు. నేను పొరబడి ఉండొచ్చు. అరవకు, అడుగు.

నీ తమ్ముడు

తమ్ముడూ,

అరవలేదు. డాక్టరు చీటీ చదివి, "ఎవరు చెప్పారు పెద్దాయనా?" అన్నాడు. "నాకే తట్టింది" అన్నాను. "చేతిరాత కూడా మీదేనా?" అని నవ్వు ఆపుకున్నాడు. మర్నాడు నీ పేరు చెప్పేశాను.

రెండోదీ దొరికింది. దాని మందు మొదలుపెట్టి ఎనిమిది రోజులు. జ్వరం దిగింది. నిన్న మీ వదిన కళ్లు తెరిచింది. ఏ మందు పనిచేసిందో ఖాయంగా చెప్పలేమంటాడు డాక్టరు. గండం గడిచిందనీ అనడు.

గొట్టం ఉంది కనుక మాట లేదు. నా అరచేతిలో వేలితో ఏదో రాసింది. కాగితం మీదైతే కూడబలుక్కుంటాను గానీ, అరచేతి రాత నాకు అందలేదు. చదవలేకపోయానని ఒప్పుకోవడం దేనికని అవునన్నట్టు తల ఊపాను. మళ్లీ రాసింది. మళ్లీ ఊపాను. ఆవిడ మొహం తేటపడింది. తర్వాత నర్సమ్మ తన చెయ్యి పెట్టి చదివి చెప్పింది: "మరిది వస్తున్నాడా?"

ఇప్పుడు తలుపు కదిలినప్పుడల్లా అటే చూస్తోంది. రావట్లేదని ఆవిడకి చెప్పడం నా వల్ల కాదు. వస్తున్నావో లేదో శుక్రవారంలోగా నాకు తెలియాలి.

అన్న