రేణుకకు స్కాలర్‌షిప్ వచ్చింది

అక్కా,

నీ కూతురికి బెంగళూరులో ఒక యూనివర్సిటీ వాళ్లిచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది. చదువు, హాస్టలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. నిన్ననే తెలిసింది.

దరఖాస్తులో, తాను దాటిన ఒక కష్టం గురించి రాయమన్నారు. మా పవర్ ప్లాంట్ కాలనీలో రేణుకకు లెక్కలు చెప్పే సారు, "మీ అమ్మ పోయిన సంగతి రాయమ్మా. చదివినోళ్లకు కండ్లల్ల నీళ్లు తిరగాలె" అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. రేణుక మాత్రం ఇక్కడి బడిలో కన్నడ మీడియంలో చదివి, తర్వాత ఇంగ్లీషు మీడియం క్లాసులో ఏమీ అర్థంకాక కూర్చున్నప్పటి అవస్థ రాసింది. ఎందుకట్లా అని నేనడుగుతుండగానే దరఖాస్తు పంపేసింది. చేతికందేది పోతుందేమోనని నాకు భయమేసింది.

ఇంటర్వ్యూలో ఒక మేడం కూడా అదే అడిగిందట, అమ్మ లేదన్నావు, దాని గురించి ఎందుకు రాయలేదని. నిన్న జొన్నరొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పింది.

"మరి నువ్వేమన్నవే?" అన్నాను.

"దాటిన కష్టం రాయమన్నరు గద చిన్నమ్మా. అది నేనింకా దాటలేదు మేడం అని చెప్పిన."

పెనం మీద రొట్టె మాడింది. ఇద్దరం దాన్నే చెరి సగం తిన్నాం.

ఆదివారం దానికి పరుపు, బకెట్టు కొనడానికి రాయచూరు వెళ్తున్నాం. మా ఆయన మంచివాడే గానీ, నిన్ను ఒకటి రెండు సార్లకు మించి చూడలేదు. రేణుక హాస్టలుకు పోయాక ఈ క్వార్టరులో నీ గురించి మాట్లాడుకోవడానికి నాకు ఎవరూ ఉండరు.

నీ చెల్లెలు