రెండో దెబ్బ

నాన్నకు,

నీ కూతురి నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నీకు మోకాలి నొప్పికి మందు ఇస్తున్నారో లేదో ఈసారైనా దాటవెయ్యకుండా రాయమని అమ్మ మరీ మరీ చెప్పింది. ఈ ఉత్తరం నీకంటే ముందు జైలరుగారు చదువుతారని తెలుసు. చదవనీ. ఇందులో నేను చేసిందంతా పోలీసులకు చెప్పిందే.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. గోల్ఫ్ బంతి దొర్లించడానికి పెరట్లో ప్లాస్టిక్ గడ్డి వేయించుకునేవాళ్ళు కూడా ఉంటారా అన్నావు. ఉంటారు నాన్నా. అసలైన గడ్డికి నీళ్ళు కావాలి, కత్తిరింపు కావాలి, ఓపిక కావాలి. మొదటి రెండూ ఉన్నవాళ్ళకు కూడా మూడోది ఉండదు. అడుగున ఏం వేస్తామని అడిగావు. జానెడు లోతు మన్ను తీసి, కంకర పొడి పరిచి, తడిపి, యంత్రంతో కుదిస్తాం. యంత్రం పట్టని అంచుల్లో బరువైన ఇనప దిమ్మిసతో కొడతాం. దానిమీద గడ్డి చాప పరిచి, అతుకులు జిగురుతో అంటించి, పోచల మధ్య సన్న ఇసక నింపుతాం. బంతి పడే గుంటలో ఒక కప్పు దించుతాం. అంతే పని.

మూడోది, లెవెలు తాత ఇంకా నాతో పనికి వస్తున్నాడా అన్నావు. కంటితో చూసి నేల వాలు చెప్పేస్తాడని ఆయనకు ఆ పేరు పెట్టింది నువ్వే. కంట్రాక్టరు చావు కేసులో నువ్వు లోపలికి వెళ్ళిన ఈ పదకొండేళ్ళలో ఆయన లేకుండా నేను ఒక్క పని కూడా ఒప్పుకోలేదు. ఇప్పుడు మాత్రం రావడం లేదు. ఎందుకో చెబుతాను.

కిందటి నెల ఒక పళ్ళ డాక్టరు ఇంట్లో పని ఒప్పుకున్నాను. పెరడు చిన్నదే. ఒక పక్క వంటింటి జాలీ తలుపు, మూడు పక్కలా గోడ. ఆ మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. యంత్రం అదురుకి గోడలు కంపిస్తున్నాయని మొదటి రోజే నీళ్ళ బకెట్టును తన్నాడు. రెండో రోజు ఫోనులో ఎవరితోనో అరుస్తూ పూలకుండీని గోడకేసి కొట్టాడు. ఆయన భార్య చీపురు తెచ్చి, మావైపు చూడకుండా పెంకులు ఎత్తుకుపోయింది. ఆమెకు అది అలవాటైన పనిలా ఉంది. ఆ రోజే సామాను సర్దుకుని రావలసింది. రాలేదు. ఆ తప్పు నాది.

మూడో రోజు మధ్యాహ్నానికి ఇసక నింపడం అయింది. డాక్టరు గోల్ఫ్ కర్ర పట్టుకుని వచ్చి బంతి కొట్టాడు. గుంటకు బెత్తెడు ఎడంగా పోయి ఆగింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే.

"వాలు తప్పింది," అన్నాడు.

"వాలు సరిగానే ఉంది సార్. ఇసకింకా కుదురుకోలేదు. రెండ్రోజులు బ్రష్ కొడితే పోచ లేస్తుంది, బంతి తిన్నగా పోతుంది," అన్నాడు తాత.

"నాకు నేర్పుతున్నావా?"

"నేర్పడం కాదు సార్, ఇదిగో చూడండి," అంటూ తాత ఒంగి అరచేత్తో గడ్డిని నొక్కాడు.

డాక్టరు ఆ చేతి మీద కర్రతో కొట్టాడు. తడిగుడ్డలో చుట్టిన పలక పగిలినట్టు చప్పుడైంది. తాత చేతిని ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. ముంజేయి మధ్యలో ఇంకో కీలు ఉన్నట్టు వంగిపోయింది. డాక్టరు మళ్ళీ కర్ర ఎత్తి వీపు మీద వేశాడు.

దిమ్మిస నా పక్కనే ఉంది. రెండు చేతులా ఎత్తి అతని భుజం మీద వేశాను. ఎముక లోపలికి దిగడం పిడిలో తెలిసింది. బోర్లా పడ్డాడు, మూతి కప్పు అంచుకు తగిలింది. ఒక పన్ను ఊడి పచ్చటి గడ్డి మీద పడింది. నోట్లోంచి రక్తం కారి తెల్ల ఇసకలో ఇంకుతోంది. ఒక చేత్తో తడుముతూ కర్రను వెతుక్కుంటున్నాడు.

అప్పుడు నేను దిమ్మిసను మళ్ళీ ఎత్తాను. ఈసారి అతని తల మీదికి. నాకు భయం వెయ్యలేదు నాన్నా. సంతోషంగా ఉంది. ఒళ్ళంతా తేలిగ్గా, ఎన్నాళ్ళుగానో మోస్తున్నదేదో దించుతున్నట్టు ఉంది. అమ్మకు ఈ మాట చెప్పలేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

తాత మంచి చేత్తో నా చీలమండ పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ఆనాడూ ముందు కంట్రాక్టరే కొట్టాడు, నేను చూశాను. మీ నాన్న రెండోది వేశాడు. నువ్వెయ్యకు."

దిమ్మిసను పక్కన పడేశాను.

పోలీసులను పిలిచింది డాక్టరు భార్య. వాళ్ళు వచ్చేసరికి డాక్టరు మూతికి తువ్వాలు అడ్డుపెట్టుకుని నావైపు వేలు చూపిస్తున్నాడు. ఆమె జాలీ తలుపు తీసుకుని బయటికొచ్చి, "ముందు కొట్టింది మా ఆయన. ముసలాయన్ని రెండు దెబ్బలు కొట్టాడు. తర్వాతే ఈ అమ్మాయి కొట్టింది," అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఇద్దరి మీదా కేసు పెట్టారు. నాకు బెయిలు వచ్చింది. కొట్టానని ఒప్పుకున్నాను. ఏ శిక్ష వేస్తే అది పడతాను.

బెయిలు మీద బయటికి రాగానే ఆసుపత్రికి వెళ్ళాను. తాత చేతి ఎముకకు స్టీలు ప్లేటు వేసి కట్టు కట్టారు. పక్కన కూర్చుని అడిగాను.

"తాతా, కంట్రాక్టరు చనిపోయిన రోజు నువ్వు టీకి వెళ్ళానని కోర్టులో చెప్పావు కదా. నాన్న రెండోది వెయ్యడం ఎట్లా చూశావు?"

ఆయన గోడ వైపు తిరిగి చెప్పాడు.

"లారీ వెనకే ఉన్నానమ్మా. కంట్రాక్టరు ఇనప ఊచతో మీ నాన్న తల మీద కొట్టాడు. మీ నాన్న పార తిప్పితే వాడు పడ్డాడు. లేవబోతుంటే రెండోదేశాడు. 'చాలురా' అని ఒక్క మాట అంటే ఆగేవాడు. నా నోరు పెగల్లేదు. తర్వాత వాడి మనుషులు ఇంటికొచ్చి, చూశానంటే చేతులు నరుకుతామన్నారు. టీకి పోయానని చెప్పా." కట్టు వైపు చూసుకుని, "ఆ డాక్టరు ఆవిడకు భర్త. అయినా చెప్పింది. నాకు ఆ కంట్రాక్టరు ఏమవుతాడమ్మా?" అన్నాడు.

ఆయన మీద కోపం రాలేదని అంటే అబద్ధం. లేచి వరండాలోకి పోయాను. అక్కడ నిలబడ్డాకే నా సంగతి నాకు గుర్తొచ్చింది. ముందు కంట్రాక్టరే కొట్టాడని నువ్వు కోర్టులో చెప్పావు, అమ్మకు చెప్పావు, ఏడుస్తూ నాకు చెప్పావు. నీ తల మీద గాయం కిందపడితే తగిలిందని అవతలి ప్లీడరు అంటే, నేనూ అదే నమ్మాను. మా నాన్న ఊరికే మనిషిని చంపాడనుకుంటూ పెరిగాను. అందుకే ఉత్తరాలు రాశాను గాని, ఒక్కసారి కూడా నిన్ను చూడటానికి రాలేదు. పని ఒత్తిడి అని రాసినవన్నీ సాకులు.

తాత నాతో మన ప్లీడరు దగ్గరికి వచ్చి జరిగిందంతా చెప్పి, ఎడమ చేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత అది ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేనని ప్లీడరు అన్నాడు. నేనూ నీకు ఆశ పెట్టడం లేదు. రెండో దెబ్బ నీదే. అది నీకూ తెలుసు.

శుక్రవారం నిన్ను కలిసే ములాఖత్‌కు మా ఇద్దరి పేర్లూ ఇచ్చాను. "నన్ను చూసి మొహం తిప్పుకుంటాడేమోనమ్మా," అన్నాడు తాత. "తిప్పుకోనీ తాతా. అరగంట ఇస్తారు. కూర్చుందాం," అన్నాను.

ఇట్లు,
నిన్ను నమ్మడానికి పదకొండేళ్ళు పట్టిన
నీ కూతురు