అక్క ఆర్డరిచ్చిన ముప్పై కాపీలు

అక్కా,

నువ్వు చేసిన మేలు నిన్ననే తెలిసింది.

అడిగేవాళ్ళు లేనిదే ఆ పెద్ద పుస్తకాల షాపువాళ్ళు చిన్న ప్రచురణకర్తల పుస్తకం అరలో పెట్టరని ఒకసారి నీ దగ్గర వాపోయాను. నువ్వు వాళ్ళ ఆరు బ్రాంచీలకూ ఫోన్లు చేసి, ముప్పై పేర్లతో ముప్పై కాపీలకు ఆర్డరిచ్చావు. "చూడవే, నీ పుస్తకానికి ఎంత గిరాకీయో!" అని నువ్వంటే, పిచ్చిదాన్ని, మురిసిపోయాను.

ముప్పై పేర్లకీ నీ ఫోన్ నంబరే ఇచ్చావట. పుస్తకాలొచ్చాయి, తీసుకెళ్ళండని షాపువాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తలేదట. నెల చూసి అన్నీ తిప్పి పంపారు. దొంగ ఆర్డర్లు పెట్టిస్తున్నాడని మా ప్రచురణకర్త పేరే వాళ్ళ జాబితాలోంచి కొట్టేశారు. ఆయన వేసిన మిగతా పదకొండుమంది రచయితల పుస్తకాలు కూడా నా పుణ్యమా అని అరలు దిగిపోయాయి. ఆ ముప్పై కాపీల పెట్టెలు మా గుమ్మంలో దింపి, ఆ నంబరు చూపించి, "మీ అక్కగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా" అని వెళ్ళిపోయాడాయన.

ప్రేమతోనే చేశావు, కాదనను. ఒక్క సాయం చెయ్యి. నా చేతులతో నీకిచ్చిన కాపీ తిరిగి పంపెయ్. మొన్న మీ ఇంట్లో చూశాను, పైనున్న ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు. విప్పి ఉంటే మొదటి పేజీలోనే అచ్చులో కనబడేది: "నా చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించిన మా అక్కకు."

ముప్పై కాపీల్లోనూ ఆ పేజీ చింపేశాను. ఇక నీ దగ్గరున్నదొక్కటే మిగిలింది.

నీ చెల్లెలు