టై అయితే చెరో పాయింట్

అక్టోబర్ 6, సోమవారం

హిస్టరీలో కొత్త యూనిట్ — 1950ల అమెరికా. మిస్ కార్వర్ ఒక అట్టపెట్టె తెచ్చింది. పాత అమెరికన్ ఫుట్‌బాల్ బోర్డు ఆట, కార్డులు, పాచికలు. ఆనాటి ప్రొఫెషనల్ సీజన్ ఒకటి క్లాసులో మళ్లీ ఆడాలట, క్లాసుకో రౌండ్. అసలు జట్ల పేర్లు చెప్పదు, ఫలితం వెతికేస్తామని. కిటికీ వైపు బెంచీలవాళ్లం నది ఊరు. తలుపు వైపు వాళ్లు సరస్సు ఊరు. మిగతా జట్లన్నిటికీ పాచికలు మిస్ కార్వరే వేస్తుంది. ఊరికో పత్రిక, పత్రికకో విలేకరి. టైటిల్ గెలిచిన ఊరి విలేకరి వ్యాసం స్కూల్ పత్రిక మొదటి పేజీలో వేస్తారు. స్ప్రింగ్‌లో ఆ విలేకరే ఎడిటర్.

పాచికలు వేసి ఎడిటర్ని ఎంచడమేమిటని అడిగాను. "విలేకరుల అదృష్టం ఎప్పుడూ అంతే" అంది. బోర్డు మీద పెద్దక్షరాలు: అంతా అప్పటి రూల్స్ ప్రకారమే.

మా విలేకరిని నేను. వాళ్లకి బ్రాండన్. రాయడమంటే వేళ్ల వ్యాయామం అనుకునే బ్రాండన్.

అక్టోబర్ 7

పాయింట్ల పట్టిక నాకే అప్పగించారు. బ్రాండన్ — "యూ గైజ్ ఆర్ గుడ్ విత్ నంబర్స్, రైట్?" యూ గైజ్ అంటే ఎవరో. మా ఇంట్లో లెక్కలు రాని మనిషిని నేనొక్కదాన్నే. అయినా పట్టిక పుచ్చుకున్నాను.

సాయంత్రం నాన్న లాప్‌టాప్ తెరిచాడు. శనివారాలు ఆఫీసు వాళ్లతో ఆడే క్రికెట్ లీగ్ ఉంది కదా, దాని టేబుల్ కాపీ చేసి ఇచ్చాడు.

"గెలిస్తే రెండు, ఓడితే సున్నా."

"టై అయితే?"

"ఏముంది బుజ్జీ, చెరో పాయింట్. పాయింట్లు సమానమైతే ఎక్కువ గెలిచినవాడు పైన. లోకమంతా ఇంతే."

లోకమంతా అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

అక్టోబర్ 10

బ్రాండన్ తన మొదటి వ్యాసం లేచి చదివాడు. "ఇట్ వాజ్ ఎ గ్రేట్ గేమ్. బోత్ టీమ్స్ ప్లేడ్ హార్డ్." పొద్దున్నే రెండు వాక్యాలకు దినం పెట్టినట్టుంది. వాళ్ల బెంచీలు చప్పట్లు కొట్టాయి! నేను గాలి గురించి రాశాను — బంతి పైకి వెళ్లి, దిగాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు. వెనకనుంచి ఎవరో, "బాల్స్ డోంట్ థింక్."

కొత్త మాట: ఊకదంపుడు. అమ్మ ఫోన్‌లో ఎవర్నో అంటుంటే దొరికింది. బ్రాండన్‌కి కొలతలు తీసి కుట్టినట్టుంది.

అక్టోబర్ 16

సరస్సు ఊరికి రెండో టై. బ్రాండన్ సంతోషం చూడాలి. టై అంటే ఏమిటి — జనం ఆదివారమంతా చలిలో వణుకుతూ కూర్చుని, ఏమీ తేలక ఇంటికి పోవడం. దానికీ ఒక పాయింట్ వేస్తున్నాను, ధర్మం చేసినట్టు.

ఇప్పుడు పట్టికలో ఇద్దరం పక్కపక్కనే. వాళ్ల పక్కన ఉండటమే చిరాకు.

అక్టోబర్ 21

అమ్మ లైబ్రరీ దగ్గర డ్రాప్ చేసింది. అప్పటి పత్రికలు తెర మీద చదవొచ్చు. భాష కోసం వెళ్లాను. భాషా అది! ప్రతి గాలీ ఎముకలు కొరుకుతుంది, ప్రతి కుర్రాడూ సింహమే, ఓడినవాళ్లు కూడా సింహాలే. ఒక్కడు మాత్రం బురద గురించి రాశాడు, కేవలం బురద. అతని పేరైనా వేయలేదు.

అక్టోబర్ 23

ఏ రౌండ్‌లో ఎవరు గెలిచినా మళ్లీ సమానం. తిండి సయించడం లేదు. పాచికల కోసం!

అక్టోబర్ 30

ఆఖరి రౌండ్. వాళ్లూ గెలిచారు, మేమూ గెలిచాం. పాయింట్లు సమానం. మాకు ఒక గెలుపు ఎక్కువ. నది ఊరు ఛాంపియన్!

మిస్ కార్వర్ నా వ్యాసం చదివి వినిపించింది. బ్రాండన్ చెయ్యి చాచాడు — "కంగ్రాట్స్, మ్యాన్." నేను మ్యాన్‌ని కాను. అయినా చెయ్యి కలిపాను, రాణిలాగా.

నవంబర్ 1, శనివారం

అప్పట్లో హెడ్డింగ్‌లు ఎలా పెట్టేవాళ్లో చూద్దామని మళ్లీ లైబ్రరీకి వెళ్లాను. పేజీ మూలన జట్ల పట్టిక. అందులో పాయింట్లే లేవు, గెలుపు శాతాలున్నాయి. గెలుపుల్ని మొత్తం ఆటలతో భాగించాను. అక్కడున్న శాతం రాలేదు. టైలు తీసేసి భాగించాను. వచ్చింది. ఇంకో జట్టుకి చేశాను, వచ్చింది. అప్పట్లో టై అంటే అసలు ఆడనట్టే.

మాది పన్నెండు ఆటల్లో ఎనిమిది గెలుపులు. సరస్సు ఊరిది టైలు పోగా పది ఆటల్లో ఏడు. మాది అరవై ఏడు శాతం, వాళ్లది డెబ్బై.

వాళ్లే పైన.

కారెక్కాక అమ్మ "ఏమైంది" అంది. ఆకలన్నాను. ఇంట్లో నాన్నకి చెప్పాను.

"మూడు గంటలు ఆడినదానికి విలువే లేదా? అదేం రూల్?"

"అప్పట్లో అంతే నాన్నా."

"ఎవరు చూడొచ్చారు బుజ్జీ. అయినా మన లెక్కే న్యాయంగా ఉంది."

అన్యాయాన్ని ఇంత మెత్తగా చెప్పగలిగేది నాన్న ఒక్కడే.

నవంబర్ 2

బ్రాండన్ వ్యాసాలన్నీ వరసగా చదివాను. వీటినా మొదటి పేజీలో వేసేది. గ్రేట్, గ్రేట్, గ్రేట్. నిజం అనేదానికి బొత్తిగా అభిరుచి లేదు.

నవంబర్ 3

చెప్పేశాను. మిస్ కార్వర్ క్లాసందరి ముందూ చెప్పమంది. "క్రికెట్?" అని మిస్ కార్వర్ నవ్వింది, తర్వాత అందరూ. బ్రాండన్‌కి విషయం అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక బెంచీ ఎక్కి గెంతాడు. శుక్రవారం అతని వ్యాసం ప్రింట్‌కి. మా బెంచీల్లో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. ఎవరిదో ఆ మనసు.

నవంబర్ 5

లాకర్ దగ్గర బ్రాండన్.

"హే, యూ'ర్ లైక్, రియల్లీ గుడ్ అట్ దిస్."

లాకర్‌లో పుస్తకాలు సర్దాను.

"కుడ్ యూ ఫిక్స్ మైన్? జస్ట్ మేక్ ఇట్ సౌండ్ లైక్ యువర్స్."

"ఎవరి పేరు మీద?"

"మైన్. వీ వన్, రిమెంబర్?"

సిగ్గు లేదు, దాపరికమూ లేదు. ఎడిటరయ్యాక కూడా హెల్ప్ చేయొచ్చట, తనకేం అభ్యంతరం లేదట! చూస్తానన్నాను. చూస్తానట. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

నవంబర్ 6, గురువారం

బ్రాండన్ ఫైల్ వచ్చింది. తిట్టుకోవడానికే తెరిచాను. "ఇట్ వాజ్ ఎ గ్రేట్ సీజన్." ఆ రెండు టైల గురించి ఒక్క ముక్క లేదు. వీళ్ల కథంతా అక్కడే ఉందే! ఒక ఊరు రెండు ఆదివారాలు వణికింది, లెక్కల్లో ఆ రెండు ఆదివారాలూ లేవు, టైటిల్ మాత్రం మిగిలింది... అలా మొదలుపెట్టాలి. టైప్ చేశాను, ఎలా ఉంటుందో చూడటానికి. బాగుంది. నది ఊరి మీద రాసినవాటన్నిటికంటే బాగుంది. పైన అతని పేరు. నా వాక్యాలు చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను.

మెసేజ్ — "డన్ యెట్?"

ఫోన్ బోర్లా పెట్టాను. రెండో పేరాలో ఇంకో "గ్రేట్" ఉంది. అదొక్కటీ తీసేసి...