బరువు నా కాలిది కాదు

మైలేజీ మహానుభావా,

కొత్త హైబ్రిడ్ కారు నేను తీసుకెళ్తున్నాను. పాత పెట్రోలు కారు తాళం ఫ్రిజ్ మీద పెట్టాను. దాని వెనక తలుపు గట్టిగా వేస్తేగాని పడదు. వైపర్ సరిగ్గా తుడవట్లేదు, వాన పెద్దదైతే పక్కకి ఆపుకో.

నిన్న భోజనాల దగ్గర మీ అక్క ముందు ఏమన్నావు? "నా కారు లీటరుకి ఇరవై ఇస్తోంది, ఈవిడ కారు పదకొండు. యాక్సిలరేటర్ మీద కాలు బరువు మరి!" అని ఇకిలించావు. ఒళ్లు మండిపోయింది నాకు. ఆడపడుచు ముందు ఎందుకులే అని ఆవిడకి ఇంకో గరిటె పులుసు వడ్డించాను.

రోజంతా ఇంటింటికీ తిరిగి రోగుల చేత వ్యాయామాలు చేయించేదాన్ని నేను. అడుగడుగునా సిగ్నలే. నువ్వేమో ఫ్యాక్టరీకి హైవే మీద ఆగకుండా పోతావు. బ్యాటరీతో కూడా నడిచే ఈ హైబ్రిడ్, పెట్రోలు బాగా మిగిల్చేది ఆగి ఆగి నడిచే చోటేనని షోరూము అతను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. నువ్వప్పుడు రంగులు చూస్తున్నావు.

పోయిన వారం నువ్వు జ్వరంతో పడుకుంటే నా పనికి ఆ హైబ్రిడ్ కారే తీసుకెళ్లాను. ఇరవై నాలుగిచ్చింది. కాళ్లు ఇవే, మార్చుకోలేదు.

ఇక రోజూ ఇంతే. భయపడకు, హైవే మీద పాతది కూడా పదహారు దాకా ఇస్తుంది. మీ అక్కకి ఫోన్ చేసి ఈ సంగతి కూడా నువ్వే చెప్పు.

అన్నట్టు, పాత కారు సీటు నీ మోకాళ్లు తగలకుండా వెనక్కి జరిపి పెట్టాను. ఆ కారు నువ్వు నడిపి తెచ్చి సీటు వెనక్కే వదిలేసిన ప్రతిసారీ, ముందుకు జరుపుకున్నది నేనే.