ఊడిన గుండీలు

ఫిబ్రవరి 9, ఆదివారం

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం కులాసా. నీ కులాసా సంగతి నీ నోరు కాదు, నీ కాలు చెప్పాలి. ఫోన్‌లో ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటావు. కాగితం మీద అబద్ధం రాయడం మాత్రం నీకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అందుకే ఇకనుంచి ఉత్తరాలే. తీరిక లేదనకు. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి కూర్చున్న టైలరుకు తీరిక లేకపోవడమేమిటి?

వదిన అంతా చెప్పింది. బొటనవేలి మీద పుండు నెలలు గడిచినా మానలేదట. పొగ వల్ల కాలి రక్తనాళాలు సన్నబడ్డాయనీ, సిగరెట్లు ఆపకపోతే ముందు వేలు, తర్వాత పాదం పోతాయనీ డాక్టరమ్మ మొహం మీదే చెప్పిందట. పుండు మానేదాకా మిషన్ తొక్కొద్దందట. నువ్వేమో, అమ్మా, ఆ ముక్కేదో నా నాలుకకు చెప్పండి, నా మాట అది వినదు అన్నావట. ఆవిడ నవ్వలేదట. నేనూ నవ్వలేదు. ఆ పాదంతో తొక్కిన మిషనే కదా నన్ను చదివించింది.

నా సంగతి నీకు తెలుసు, పప్పు డబ్బాలకు కూడా చీటీలు అంటించే మనిషిని. నీకు సిగరెట్టు కోసం ఎప్పుడెప్పుడు నాలుక పీకుతోందో వదిన చేత రాయించి తెప్పించుకున్నాను. కూర్చుని విడదీస్తే మూడు రకాలే తేలాయి. టీ తాగాక వచ్చేది ఒకటి. పక్కనున్న సెలూన్ ఆయన మీ కిటికీ కింద నిలబడి వెలిగించినప్పుడు వచ్చేది ఒకటి. మిగిలినవన్నీ ఊరికే కూర్చున్నప్పుడు వచ్చేవే. కొన్నాళ్ళు టీ మానేసి నిమ్మకాయ నీళ్ళు తాగు. కిటికీ మూసెయ్యి. ఇక ఆ మూడో రకానికే మందు వెతకాలి. నీ చేతులు ఖాళీగా ఉండి ఎరగవు. ఒక బట్ట పూర్తయితే ఒకటి వెలిగించేవాడివి. ఇప్పుడు బట్టా లేదు, వెలిగించడమొక్కటే మిగిలింది.

మందుల షాపులో ఒక కాగితం ఇచ్చారు. ఎంత పెద్ద కోరికైనా కొద్ది నిమిషాలు పట్టించుకోకపోతే తనంతట తానే తగ్గుతుందని రాసి ఉంది. నాకు పాలు గుర్తొచ్చాయి. పొంగు వచ్చినప్పుడు మంట తగ్గించి అక్కడే నిలబడితే అదే దిగుతుంది. అంతసేపు నువ్వేం చెయ్యాలా అని ఆలోచిస్తూ అల్మారా తెరిస్తే, మీ బావగారి చొక్కాలకు గుండీలు లేవు. ఒకదానికి కాలరు దగ్గర, ఇంకోదానికి కడుపు మీద. వంటింటి గడియారం ముందు కూర్చుని ఒక గుండీ కుట్టి చూశాను. దారం ఎక్కించడం నుంచి ముడేసి తెంపేదాకా సరిగ్గా ఒక కోరికకు సరిపడేంత పని. నీ చేతివేగానికి రెండు గుండీలనుకో.

పార్సెల్ పంపుతున్నాను. మీ బావగారి చొక్కాలు, నా స్వెట్టరు, నీ మేనకోడలి కోటు. అన్నీ ఒకేసారి కుట్టి కూర్చోకు. నాలుక పీకినప్పుడే ఒకటి తియ్యి. సిగరెట్టు పట్టుకునే ఆ రెండు వేళ్ళతోనే సూది పట్టుకో.

నీ పాదం మీద బెంగతో,
చెల్లెలు


మార్చి 2, ఆదివారం

అన్నయ్యకు,

ముందుగా నీకూ వదినకూ నమస్కారాలు. పార్సెల్ అందింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దగ్గు తగ్గకపోగా పెరిగిందని రాశావు. మానిన కొత్తలో అలాగే ఉంటుందట, ఊపిరితిత్తులు ఇల్లు ఊడ్చుకుంటున్నాయనుకో. కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం నెట్టేశావని కూడా నువ్వే రాశావు, దాచకుండా. వదినకు ఫోన్ చేసి ఓదారుద్దామనుకున్నాను. ఆవిడేమో, ఓదార్పు నాకెందుకమ్మా, మిషన్ మీద కప్పినట్టు ఈయన మీద కూడా ఒక గుడ్డ కప్పి ఉంచమంటావా అని అడిగింది. చాలాసేపు నవ్వుకున్నాం. నీ మీదే నవ్వుకున్నాం, ఏమీ అనుకోకు.

ఇంకో సంగతి చెప్పింది. మొదటి చొక్కా విప్పి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశావట. తర్వాత నీలో నువ్వే నవ్వుకున్నావట. మానేశాక అదే మొదటి నవ్వట. చొక్కాలో నవ్వడానికేముందో నాకు అర్థం కాలేదు. నవ్వావు కదా, చాలు.

కుట్టుపని సంగతి చెప్పక్కర్లేదు. జేబు పక్కన చిన్న చిరుగు ఉండాలి, ఎక్కడుండేదో నాకే కనిపించలేదు. నీ మేనకోడలు కోటు వేసుకుని, మామయ్య కుట్టిన గుండీ పట్టుకుని లాగితే కోటుతోపాటు నేనూ వస్తున్నాను గానీ గుండీ రావట్లేదమ్మా అంది.

మళ్ళీ పార్సెల్ పంపుతున్నాను. ఏం చెప్పమంటావు, ఈ ఇంట్లో గుండీలు నిలవడం లేదు. మీ బావగారు రెండు చొక్కాలతో ఆఫీసుకు వెళ్తున్నారు. నిన్న అల్మారా ముందు నిలబడి, మన ఇంట్లో గుండీలకు కాళ్ళొచ్చాయా అన్నారు. తర్వాత, మీ అన్నయ్య సిగరెట్లు మానేస్తుంటే నేను చొక్కాలు మానేస్తున్నాను, ఇద్దరం మంచి దారిలోనే ఉన్నాం అన్నారు. మీ బావగారి మాటలు నీకు కొత్తా?

నీ మీద నమ్మకంతో,
చెల్లెలు


మార్చి 20, గురువారం

అన్నయ్యకు,

నమస్కారాలు. నీ నాలుగు ముక్కల ఉత్తరం ఇప్పుడే వచ్చింది. అన్నం పొయ్యి మీద పెట్టి రాస్తున్నాను.

సెలూన్ ఆయన ఇచ్చాడు, తాగాను. మర్నాడు నేనే కొనుక్కుని తాగాను. ఇక బట్టలు పంపకు, నా వల్ల కాదు. ఇంతే కదా నువ్వు రాసింది. పుండు ఎలా ఉందో రాయలేదు. వదినకు ఫోన్ చేసి తెలుసుకున్నాను. మళ్ళీ ఎర్రబడిందట. నాకు భయంగా ఉంది అన్నయ్యా. భయం లేదని రాస్తే అది అబద్ధమవుతుంది.

కానీ ఒకటి అడుగుతాను. నాకు కుట్టు నేర్పిన రోజులు గుర్తున్నాయా? నా గౌనుకు చేతులు తిరగేసి కుట్టేశాను. కోపమొచ్చి గౌను మొత్తం పొయ్యిలో పడేయబోతుంటే నువ్వు లాక్కున్నావు. పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు ఎక్కడ మొదలైందో అక్కడిదాకా విప్పితే చాలు పిచ్చిదానా, నడుమూ మెడా బాగానే కుట్టావుగా, వాటినెందుకు కాలుస్తావు అన్నావు. ఆ మాట నువ్వు మరిచిపోయి ఉంటావు, ఎన్ని వందల గౌన్లు కుట్టావో. నాది ఒకటే గౌను, నేను మరిచిపోలేదు. ఇన్నాళ్ళూ నువ్వు తాగకుండా గడిపిన రోజులు ఎక్కడికీ పోలేదు. ఆ రెండు రోజులు మాత్రం విప్పు. మిగతాది అలాగే ఉంచు.

ప్యాకెట్ ఇంకా ఇంట్లో ఉంటే వదిన చేతికివ్వు. నీళ్ళలో వేస్తుంది. ఆవిడ ఇప్పటికే సెలూన్ ఆయన దగ్గరికి వెళ్ళివచ్చిందట. ఆయన ఏడుపు మొహం పెట్టి, అక్కా, అన్న కిటికీలోంచి అలా చూస్తుంటే జాలేసి ఇచ్చాను, కాలి సంగతి నాకు నిజంగా తెలియదు అన్నాడట. ఇకమీదట షాపు వెనక్కి వెళ్ళి తాగుతాడట. పాపం, నీవల్ల ఆయనకూ నడక ఎక్కువైంది.

బట్టలు పంపకన్నావు. పంపుతున్నాను. ఈసారి బొంతల గలేబులు. వాటికి గుండీలు బోలెడు.

వదిలిపెట్టని
చెల్లెలు


మే 11, ఆదివారం

అన్నయ్యకు,

నీకూ వదినకూ మా ముగ్గురి నమస్కారాలు. నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. నీ మేనకోడలు మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

వేలి మీద కొత్త చర్మం వచ్చిందని డాక్టరమ్మ చెప్పిందన్న చోట ఉత్తరం మీ బావగారి చేతిలో పెట్టేశాను, అక్కణ్ణుంచి ఆయనే చదివారు. పాదం వెచ్చగా ఉంది, రక్తం బాగా ఆడుతోంది, వేలు ఇక నీదే అందట కదా. పూటకు కొంచెం సేపు మిషన్ తొక్కమందట. ఇంకో సిగరెట్టు ముట్టుకుంటే నా దగ్గరికి రాకు అని కూడా అందట. ఆవిడ నాకు నచ్చింది. వచ్చినప్పుడు ఒకసారి చూడాలి.

మిషన్ మీద గుడ్డ తీయగానే ఏడుపొచ్చిందని రాశావు. మొదట నువ్వు కుట్టింది సెలూన్ ఆయన తెచ్చిన తెల్ల గుడ్డలకు అంచులని తెలిసి అందరం నవ్వాం. ఆయన కూడా తగ్గించాలనుకుంటున్నాడట, నువ్వు ఆయన చేతికి సూది ఇచ్చావట. ఆయన కుట్టిన అంచు ఎలా ఉందో రాయలేదు. రాయకపోవడమే మంచిదనుకున్నావేమో.

ఇప్పటికీ సాయంత్రం షట్టరు దించే వేళకు నాలుక పీకుతుందన్నావు. పీకనీ. ఈసారి ఒక్క చొక్కానే పంపుతున్నాను, మీ బావగారి నీలం చొక్కా. వెంటనే కుట్టకు. డ్రాయర్లో ఉంచుకో. ఏ రోజైనా పొంగు పైదాకా వస్తే అప్పుడు తియ్యి. ఆ రోజు రాకపోతే చొక్కా నీ దగ్గరే ఉండనీ. మీ బావగారికి వేరేది కొంటాను, ఆ మాత్రం ఖర్చు ఈ ఇల్లు భరిస్తుంది.

సెలవుల్లో మేం ముగ్గురం వస్తాం. నడిచి ఎదురు రావాలి.

నీ ముద్దుల
చెల్లెలు

తా.క.: ఇది ఇంట్లో వాళ్ళు చదవకుండా కింద రాస్తున్నాను. మా ఇంట్లో ఒక్క గుండీ కూడా తనంతట తాను ఊడలేదు. అన్నీ నేనే కోశాను, మీ బావగారు ఆఫీసుకు వెళ్ళాక, కూరగాయల చాకుతో. మొదటి చొక్కా జేబు పక్కన చిరుగు కూడా ఆ చాకు చేసిందే. అరిగి తెగిన దారానికీ కోసిన దారానికీ తేడా టైలరుకు తెలుస్తుందని నాకు తట్టనేలేదు. మొన్న నువ్వు తిప్పి పంపిన గలేబులు మడత పెడుతుంటే ఒకదాని మూలలోంచి, గుడ్డముక్కలో చుట్టిన, నువ్వు దారాలు తెంపే చిన్న కత్తెర జారి పడింది. పక్కన చీటీ ఏమీ లేదు. అప్పుడర్థమైంది, ఆ రోజు కిటికీ దగ్గర నువ్వెందుకు నవ్వావో. నీలం చొక్కా గుండీలు దాంతోనే కోశాను. వెలుతురులో పట్టుకుని చూడు, ఈసారి బట్టకు ఒక్క గాటు కూడా పడలేదు.