ఇరవై ఒకటో రోజును అయిదో నెలగా దిద్దినందుకు

విశ్వవిద్యాలయ కంప్యూటర్ నెట్‌వర్క్ విభాగాధిపతి శ్రీ సత్యారావు గారి సముఖమునకు,

పాత హాస్టల్ కింది అంతస్తు, వెనక వరుస చివరి గదిలో ఉంటున్న పరిశోధక విద్యార్థి బొడ్డేపల్లి తేజేశ్వర్ రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె బారసాల నాడు హాస్టల్ నెట్‌వర్క్ నన్ను బయటికి గెంటివేయుట గురించి, వచ్చే శుక్రవారం మళ్ళీ గెంటకుండుట గురించి.

1. ఇదే విషయమై ఇంగ్లీషులో మూడుసార్లు రాసుకున్నాను. మూడుసార్లూ ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని జవాబు వచ్చింది. పరిష్కరించబడిన ఆ సమస్య నా మంచం మీద నాతోపాటే కూర్చుని ఉంది. తమ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి హౌరా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారని తెలిసి ఈసారి తెలుగులో రాస్తున్నాను. పైగా నాకు ఇంగ్లీషులో కోపం సరిగ్గా రాదు.

2. సదరు నెట్‌వర్కులో నాకు చోటు దొరికిన విధానం తమకు తెలియనిది కాదు. వానాకాలంలో పెట్టుకున్న దరఖాస్తుకు దుర్గాపూజ సెలవులు దాటాక కనెక్షన్ వచ్చింది. వార్డెన్ సంతకం, గైడు సంతకం, గోడలో వైరు బతికే ఉందని ఎలక్ట్రీషియన్ సంతకం సమర్పించుకున్నాను. ఇంత చేసి లోపలికి వెళ్ళినా, టీ తాగి వచ్చేలోపు అది నన్ను మరచిపోయి, మళ్ళీ పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఇదంతా నేను భరించాను. దీనికోసం అర్జీ పెట్టేవాణ్ణి కాదు.

3. నా భార్య భానుకు పుట్టుక నుంచి వినపడదు. మేము చేతులతో మాట్లాడుకుంటాం. అందరూ అనుకున్నట్టు వీడియో కాల్ మాకు ముచ్చట కాదు. అది లేకపోతే మా ఇద్దరి మధ్య మాటే లేదు. నా గదిలో ఫోను సిగ్నల్ రాదు. ఆ సంగతి కూడా దరఖాస్తులో రాశాను.

4. మొదటి కానుపు కనుక భాను టెక్కలిలో పుట్టింటికి వెళ్ళింది. పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు ఉదయం పది దాటాక బారసాల ముహూర్తం పెట్టారు. అదే రోజు మధ్యాహ్నం నా పరిశోధన మీద ఆఖరి సెమినార్ వేశారు. తేదీ మార్చమని ప్రాధేయపడితే, పరీక్షకుడు దొరకడమే కష్టమన్నారు. హౌరాలో రాత్రి రైలెక్కితే వెళ్ళడం కుదురుతుంది గాని, ముహూర్తం చూసుకుని మధ్యాహ్నానికి తిరిగి రావడం ఏ రైలుకీ సాధ్యం కాదు.

5. అందుచేత ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని ఒక ఏర్పాటు చేశారు. ఇక్కడ నేను పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తాను. అక్కడ భాను తెరమీద చూసి తన పళ్ళెంలో అదే పేరు రాస్తుంది. పంతులుగారు కూడా ఒప్పుకున్నారు. మేమిద్దరం అనుకున్న పేరు సమీర. దానికి భాను చేతిగుర్తు కూడా కల్పించింది. చెంప పక్క నుంచి వేళ్ళు మెల్లగా కదిలించుకుంటూ పోవడం. ముహూర్తం దాకా బయటికి అనకూడదని ఆ పేరు ఎవరికీ చెప్పలేదు; తమకు మాత్రం రాతలో మనవి చేస్తున్నాను.

6. పది నుంచి అయిదు వరకు హాస్టల్‌లో వీడియో కాల్స్ బంద్ అన్న తమ నిబంధన నాకు తెలుసు. కనుకనే ముందుగా మినహాయింపు కోరుతూ దరఖాస్తు ఇచ్చాను. తమ గుమస్తా పరితోష్ బాబు దాన్ని చాలా ప్రేమగా చదివారు. పాప, బియ్యం, పేరు, పంతులు అని చూసి ఆయన దాన్ని అన్నప్రాశన అనుకున్నారు. వాళ్ళ బెంగాలీ ఇళ్ళలో ఆడపిల్లకు ఆ ముచ్చట అయిదో నెలలో చేస్తారట. ఇరవై ఒకటో రోజు పసిగుడ్డుకు ఈ మద్రాసీ కుర్రాడు అన్నం పెట్టించేస్తున్నాడని కంగారుపడి, నా మేలు కోరి, నాకు చెప్పకుండా తేదీ దిద్దారు. అయిదో నెలకు నాకు అనుమతి మంజూరయింది. నా చేతికి వచ్చింది మంజూరయిందన్న కబురు మాత్రమే; మిగతాదంతా తరువాత పక్క బల్ల గుమస్తా ఆ దరఖాస్తు చూపించి చెప్పగా తెలిసింది.

7. ఆనాడు ఉదయం పదికి ముందు అంతా బాగానే ఉంది. కొత్త పంచె కట్టుకున్నాను. మెస్సులో అడిగి తెచ్చుకున్న స్టీలు పళ్ళెంలో బియ్యం. తెరలో భాను, ఒళ్ళో పాప. ఉంగరం ఎత్తి బియ్యం మీదికి చెయ్యి తెచ్చాను. పది కొట్టింది. తెరమీద ‘తరగతులకు హాజరు కండి’ అని వచ్చింది.

పళ్ళెం పట్టుకుని పంచెతో సిగ్నల్ కోసం గేటు వైపు పరుగెత్తాను. గేటు దగ్గర దర్వాన్, “ఏమిటి దాదా, పూజా? ఎక్కడ?” అని అడిగాడు. సిగ్నల్ దొరికేసరికి ముహూర్తం దాటింది.

8. అక్కడ జరిగింది మా బావమరిది తరువాత చెప్పాడు. “నీ బొమ్మ ఆగిపోనాది బావా. సెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోనావు. అక్క నువ్వేటో ఆలోచిస్తన్నావనుకుంది.” ఆమె ఆ చేతినే చూస్తూ కూర్చుంది. పంతులుగారు తొందరపెట్టారు. మా మామగారు హనుమయ్యగారు ఆమె వెనకాల కూర్చుని, తన తల్లి పేరు లక్ష్మీకాంతం అని వేరే పళ్ళెం బియ్యంలో రాసేశారు. పాప చెవిలో ముమ్మారు చెప్పారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అక్షింతలు వేసి పిలిచారు. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరికీ పాప పేరు తెలిసింది. కన్నతల్లికి తెలియలేదు. ఆమె ఇంకా నా చెయ్యి కదులుతుందని తెరలోకి చూస్తూనే ఉంది.

నాకు ఏడుపు వచ్చింది. అర్జీలో ఏడుపు రాయకూడదని తెలుసు, రాశాను.

9. ఆ మధ్యాహ్నం సెమినార్ కూడా జరగలేదు. ఆన్‌లైన్‌లో వచ్చిన పరీక్షకుడు రెండో స్లైడు దగ్గరే తమ నెట్‌వర్కులోంచి జారిపోయారు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నానికి వాయిదా వేశారు. పంతులుగారు ఇచ్చిన రెండో ముహూర్తం కూడా అదే శుక్రవారం ఉదయం. పేరు సంగతి తెలిశాక భాను ఆ బియ్యం పళ్ళెం తోసేసింది. శుక్రవారం నేను పేరు రాయకపోతే సోమవారం లక్ష్మీకాంతం అనే నమోదు చేయించేస్తానని మామగారు అంటున్నారు. ఆయన్నీ తప్పు పట్టలేను, అల్లుడు రెండుసార్లు మాయమైతే ఆయన మాత్రం ఏం చేస్తారు.

10. తమ గదికి వచ్చి ఇదంతా మనవి చేసుకుంటే తమరు అన్నది: “ఏటి బాబూ, రూలు రూలే గదా. అయిదో నెలకి శాంక్షనయిందిగా, అప్పుడు సేసుకో.”

ఇప్పుడు అసలు ఫిర్యాదు. పరితోష్ బాబుకు బారసాల అంటే తెలియదు, తెలియనవసరం లేదు. సాల్ట్ లేక్ ఆఫీసులో కూర్చుని నన్ను గెంటిన ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు అంతకన్నా తెలియదు. తమ ఆఫీసు భవనం మొత్తంలో బారసాల అంటే ఏమిటో తెలిసిన మనిషి తమరొక్కరే. తమకూ ఎవరో బియ్యంలోనే పేరు రాసి ఉంటారు. నా దరఖాస్తులో ‘బారసాల’ అని స్పష్టంగా రాసి ఉంది, పక్కనే ఇరవై ఒకటో రోజు కొట్టేసి ఉంది, కింద తమ సంతకం ఉంది. తమరు చదవలేదు. చదివి ఉంటే ఆ సంతకం పడేది కాదు. చదవకుండా సంతకం చేయడానికి అక్కడ తమరే ఎందుకు, ఒక రబ్బరు ముద్ర చాలును.

కావున కోరునది: (అ) వచ్చే శుక్రవారం ఉదయం పది నుంచి పదిన్నర వరకు నా కనెక్షన్ తెంపరాదు. (ఆ) ఈ అర్జీని తమరు స్వయంగా చదవాలి, గుమస్తా చేత చదివించుకోకూడదు. (ఇ) పరితోష్ బాబు పైన తగిన చర్య తీసుకోవాలి.

మర్యాద తప్పినచోట నా పరిస్థితిని తలచుకుని, ఆఖరి అక్షరం దాకా చిత్తగించవలెను.

తమ విధేయుడు (శుక్రవారం వరకు),
బొడ్డేపల్లి తేజేశ్వర్

తాజా కలం: (ఇ) కొట్టివేయగలరు. ఇది ఇవ్వడానికి వస్తే పరితోష్ బాబు నన్ను కూర్చోబెట్టి మిష్టి, అదే వాళ్ళ మిఠాయి, పెట్టి, “పాప పేరేం పెట్టారు దాదా?” అన్నారు. ఆయన చేసింది అప్పుడు చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను. బయటికి చెప్పకూడని పేరు కనుక నోటితో అనలేదు, చెంప పక్కన వేళ్ళతో చూపించాను. ఆయన ఒక్కసారి చూసి అలాగే చేశారు, ఒక్క వేలు తప్పు పోలేదు. వెంటనే కొత్త దరఖాస్తులో తేదీ తన చేత్తోనే రాసి తమ సంతకం కోసం తమ బల్ల మీద పెట్టారు. అయ్యా, అది ఇంకా అక్కడే ఉంది.